నూట నలభై మూడు ఇళ్ళ పిలుపు

మా మారిసెల్వి సంగతి ఎవరైనా రాస్తారేమో అని చూశాను. ఎవరూ రాసేలా లేరు. అందుకని నేనే కూర్చున్నాను. నా పేరు సంకరలింగం. చోళపురం పాఠశాలలో ఎనిమిదో తరగతి వరకు చదివాను. రాజపాళయంలో పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, పది వేళ్ళతోనే బయటికి వచ్చాను. ఆ పని తెలిసినవాళ్ళకు అది చిన్న విషయం కాదని తెలుసు. ఈ డెబ్బై నాలుగేళ్ళలో నేను నోరు తెరిచి చూసిన సంగతులు కొన్ని ఉన్నాయి. పోయిన తై నెలలో, అంటే సంక్రాంతి వచ్చే నెలలో, ఈ పిల్ల చేసిన పని చూశాక వాటి గురించి చెప్పుకోవడం మానేశాను.

మారిసెల్వి మా అన్న మనవరాలు. నన్ను చిన్న తాత అంటుంది. మా వీధిలో పదో తరగతి పరీక్షలో ఐదు వందలకు నాలుగు వందల డెబ్బై ఆరు తెచ్చుకున్న మొదటి పిల్ల. పన్నెండులో బడికే రెండోది. కోయంబత్తూరులో టెక్స్‌టైల్ ఇంజనీరింగు చదివిన నాలుగేళ్ళలో ఒక్క పేపరు తప్పలేదు. ఇప్పుడు పోలండు దేశంలో, గాయాలకు కట్టే గుడ్డ మీద పై చదువు చదువుతోంది. ఆ ఊరి పేరు రాస్తే లోడ్జ్ లాగా ఉంటుంది, పలికితే వూచ్ అట. అక్కడ కూడా ఒకప్పుడు మన ఊళ్ళోలాగే ఎటు చూసినా పత్తి మిల్లులేనట. ఫోటోలు పంపింది. ఎర్ర ఇటుకల మిల్లు, దాని ముందు మోకాలి లోతు మంచు, మంచులో మా పిల్ల.

గాయాలకు కట్టే గుడ్డ ఆమెకు కొత్త కాదు. వాళ్ళమ్మ మారియమ్మాళ్ ఇరవై రెండేళ్ళుగా బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డులో మగ్గం చూస్తోంది. మారిసెల్వి మూడో తరగతిలో ఉన్నప్పుడు తండ్రి ఇరులప్పన్ పోయాడు. ఒక్కతే కూతురు. ఆ మగ్గం మీద మారియమ్మాళ్ పిల్లను చదివించింది, సంవత్సరానికి ఒక గోడ చొప్పున ఒక ఇల్లు కూడా లేపింది. కాంక్రీటు కప్పు ఉన్న ఇల్లు మా అన్న వంశంలో అదే మొదటిది. తై నెల చివరి ఆదివారం ఆ ఇంట్లో పాలు కాచి గృహప్రవేశం చేయాలని నిర్ణయమైంది.

ఇక్కడ మా ఇళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో పండగకు కార్డు ఇస్తే చాలదు. ఆ ఇంటి రక్తంలో పుట్టినవాళ్ళు ఒకరు వెళ్ళి, గడప ముందు నిలబడి, వరస పెట్టి పిలిచి, రమ్మని నోటితో చెప్పాలి. కరోనా వచ్చినప్పటి నుంచి దూరాన ఉన్నవాళ్ళు ఫోన్లో పిలిచినా ఒప్పుకుంటున్నారు. కానీ గొంతు వినపడాలి. ఇంకొకరి చేత చెప్పించి పంపితే మాత్రం అది పిలుపు కాదు, అవమానం. మా వంశానికి ముప్పై ఎనిమిదేళ్ళు నేనే తిరిగి పిలిచాను. చెప్పులు అరిగాయి గానీ ఒక్క ఇల్లు తప్పలేదు.

ఒక్కటి తప్పింది. దాచను. పదకొండేళ్ళ కింద మారిసెల్వి పెద్దమనిషి అయినప్పుడు సడంగు వేడుక చేశారు. మంసాపురంలో ఉన్న వళ్ళియమ్మాళ్‌ను పిలవాలి. ఆమె ఇరులప్పన్‌కు తోడబుట్టిన అక్క, పిల్ల తల మీద మొదటి నీళ్ళు పోయాల్సిన మేనత్త. అది జిన్నింగు సీజను, నాకు సెలవు దొరకలేదు. అటువైపు వెళ్ళే పత్తి లారీ డ్రైవరుకు చెప్పి పంపాను. అతను వీధి మధ్యలో లారీ ఆపి, హారను కొట్టి, ఆమె పేరు పెట్టి అరిచి చెప్పాడట. వళ్ళియమ్మాళ్ రాలేదు. అప్పటి నుంచి ఆ ఇంటి గడప తొక్కలేదు. నేను మూడుసార్లు మంసాపురం వెళ్ళి బతిమాలాను. కాఫీ పెట్టింది, మాట్లాడలేదు.

ఇరులప్పన్ తోడబుట్టినవాళ్ళలో మిగిలింది ఆ అక్క ఒక్కతే. మాలో కొత్త ఇంట్లో మొదటి పాలు పోయాల్సింది ఇంటి మగవాడి తోడబుట్టినదే. ఆమెను నేను పిలిస్తే లాభం లేదు. మారియమ్మాళ్ కోడలు, ఆ రక్తం కాదు. ఇక మిగిలింది మారిసెల్వి. వంశంలో అందరినీ తానే పిలుస్తానంది. నా మోకాళ్ళు ఎలాగూ సహకరించడం లేదు.

మూడు ఆదివారాలు ఫోన్లో నాచేత ఇళ్ళ పేర్లు, వరసలు చెప్పించుకుంది. మొత్తం నూట నలభై మూడు ఇళ్ళు. నాలుగు చోట్ల నా వరసనే దిద్దింది. “వాళ్ళు నీకు మామ కాదు తాతా, చిన్నాయన అవుతారు. నడుమ ఒక పెండ్లి వరస మార్చి చేసినారు” అంది. లెక్కవేసి చూస్తే నిజమే. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ మనిషిని మామా అని పిలిచినవాణ్ణి నేను.

అప్పుడు ఆ పిల్లకు పరీక్షల సమయం. తరగతిలో ఎవరో ఒక ప్రోగ్రాం ఇచ్చారట. పట్టీ పెడితే చాలు, ఒకసారి రికార్డు చేసిన మాటను, పైన ఎవరి పేరు వాళ్ళకు, వరస వాళ్ళకు తగిలించి, అదే ఇంటింటికీ పంపుతుంది. మెసేజీల యాప్‌కు దాన్ని కలిపింది. తొమ్మిది నిమిషాల్లో అరవై ఒక్క ఇళ్ళకు పోయింది. పట్టీలో రాజపాళయం ముందు, చోళపురం తర్వాత, మంసాపురం చివర. అరవై రెండో ఇంటి దగ్గర యాప్ ఆగిపోయింది. ఈ ఖాతాను వాడడానికి వీల్లేదు అని తెర మీద వచ్చింది. ఇంతమందికి ఇంత వేగంగా పంపేది ఏ మోసగాడో అయి ఉంటాడని వాళ్ళ యంత్రం అనుకున్నట్టుంది.

ఆ సంగతి మాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది. కూతురు అక్కడి నంబరు నుంచి మామూలు ఫోన్ చేస్తే, మారియమ్మాళ్ ఎత్తకుండా కోసేసింది. ఒకసారి కాదు, పదకొండుసార్లు.

మూడో రోజు మధ్యాహ్నం నేను అన్నం క్యారియరు ఇవ్వడానికి షెడ్డుకు వెళ్ళి ఉన్నాను. బయట స్కూటరు ఆగింది. మంగళం అమ్మ దిగింది. వాళ్ళది ఊళ్ళో పెద్ద కుటుంబం, మిల్లు ఉన్నవాళ్ళు. వాళ్ళమ్మాయి శరణ్య కూడా పోలండులో అదే హాస్టల్లో ఉంటుంది. అంతవరకు ఆమె మా షెడ్డు వైపు వచ్చింది లేదు.

“ఈడ మారియమ్మాళ్ ఎవరు మా?”

“నేనే అమ్మా.”

“కూతురు ఫోన్ చేస్తే ఎందుకు కట్ చేస్తా ఉండావు?”

“నా కూతురు నంబరు నాకు తెలీదా అమ్మా. ఇది ఏదో నాలుగు, ఎనిమిది అని వస్తా ఉండాది. అట్లాటిది ఎత్తితే బ్యాంకులో ఉండేది పోతాదని పోలీసోళ్ళు చెప్పినారు.”

“ఆ నాలుగు, ఎనిమిదే పోలండు. ఎత్తు తల్లీ. ఆడ ఆ పిల్ల అన్నం తినలేదంట, నా కూతురు నన్ను తింటా ఉండాది.”

పక్క మగ్గం చిన్నత్తాయి ఊరుకుంటుందా. “కూతురు దేశం దాటి పోయినాది. అమ్మ ఫోన్ దాటి పోలే” అంది. షెడ్డంతా నవ్వింది. మారియమ్మాళ్ కూడా నవ్వింది.

మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి ఎత్తింది. మారిసెల్వి జరిగింది చెప్పి, తన పాత ఇండియా సిమ్ ఎక్కడుందని అడిగింది. అది వాళ్ళమ్మ ఫోన్లోనే రెండో అరలో ఉంది. వెళ్ళేటప్పుడు పెట్టి వెళ్ళింది, మారియమ్మాళ్ నెల తప్పకుండా రీచార్జి చేయిస్తోంది. ఆ ఖాతా మీద మళ్ళీ విచారణ చేయమని కంపెనీని అడగాలంటే, ఆ సిమ్‌కు వచ్చే ఆరు అంకెలు చెప్పాలట. నేను కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. మగ్గాల చప్పుడులో ఒక్కో అంకె రెండుసార్లు అరిచాను. రాజపాళయం షెడ్డులో నేను అరిచిన అంకె పోలండులో ఆమె వేలి కిందికి పోయి పడింది.

నేనేమీ తప్పు చేయలేదు, నా ఖాతా తిరిగి ఇవ్వండి అని రాసి పంపింది. ఒక్కరోజులో జవాబు వచ్చింది. కుదరదట.

ఇక పండగకు పది రోజులు. కొత్త నంబరు మీద ఇంకో ఖాతా తెరిచి మంసాపురం అత్తకు మాట పంపి చూసింది. తెలియని దేశపు నంబరని వళ్ళియమ్మాళ్ కోడలు తుడిచేసింది. పాత నంబరైతే ఆమె ఫోన్లో పిల్ల ముఖంతో సహా ఉంది. ప్రతి పొంగలుకూ మారిసెల్వి ఒక మాట పంపుతుంది, ఆమె వింటుంది, జవాబివ్వదు. వినడం వరకు ఆ ఒక్క దారి తెరిచి ఉండేది. ఇప్పుడు అదీ మూసుకుంది. నేను కోడలికి ఫోన్ చేసి, ఆ కొత్త నంబరు ఎత్తు తల్లీ అన్నాను.

“మీరు చెప్పినారని ఎత్తితే మా అత్తను ఎవరు పిలిచినట్టు తాతా?” అంది కోడలు. నేను ఫోన్ పెట్టేశాను. సరైన మాటే.

మారియమ్మాళ్ గోడలకు సున్నం వేయిస్తోంది గానీ ఆమె ధ్యాస సున్నం మీద లేదు. మొదటి పాలు పోయడానికి వరసైన ఇంకొకామెను నిలబెడదామా అని అడిగాను. “మారిసెల్వి నాయన ఉండి ఉంటే ఎవరిని నిలబెడతాడో వాళ్ళే పోయాల. లేదంటే ఆ రోజు పొయ్యి వెలిగించను” అంది. ఆమె ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడదు. కానీ ఒక మాట అనేసిందంటే ఇక ఎవరూ కదపలేరు.

మరునాడు మారిసెల్వి నాకు ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు.

“చిన్న తాతా, అత్తకు ఆ పొద్దు కోపం దేనికి వచ్చినాది?”

“ఎన్నిసార్లు అడుగుతావు. లారీవాని చేత చెప్పించినాను గదా.”

“నేను చేసినాది ఏమి మరి? నాదీ లారీ దానే. నీదానికన్నా పెద్ద లారీ. అరవై ఒక్క ఇండ్లకు మిషను చేత హారను కొట్టించినాను.”

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

“కంపెనీకి నేను తప్పు చేయలే అని రాసినా. అబద్ధం తాతా అది. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తా.”

“ఉన్నది రాస్తే ఇస్తారా?”

“ఇయ్యకపోతే పోనీ. అబద్ధం రాసి తెచ్చుకున్న ఖాతాలో అత్తను ఎట్ల పిలిచేది?”

ఎనిమిది క్లాసులు చదివిన నేను పదకొండేళ్ళు ఆ లారీ సంగతి మోశాను. నాకు సెలవు దొరకలేదు అనే చెప్పుకున్నాను అందరికీ. ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఒక్క రోజులో దాని అడుగు దాకా చూసింది.

ఏం రాసిందో తర్వాత నాకు తెలుగులో చదివి వినిపించింది. బయటి ప్రోగ్రాం ఒకటి కలిపాను, అది మీ నిబంధనకు విరుద్ధం అని ముందే ఒప్పుకుంది. ఎందుకు కలిపిందో చెప్పింది. మా అమ్మ ఇల్లు కట్టింది, మాకు నూట నలభై మూడు ఇళ్ళ బంధువులు ఉన్నారు, ఒక్కొక్కరినీ వరస పెట్టి నోటితో పిలవాలి, నేను సోమరితనంతో ఆ పని యంత్రానికి ఇచ్చాను, మీ దగ్గరా తప్పే, మా ఇంట్లోనూ తప్పే. ఆ ప్రోగ్రాం తీసేశాను, ఖాతా ఇస్తే ఒక్కొక్కరికీ నా గొంతుతోనే చెప్తాను. అంతే. మంసాపురం అత్త సంగతి ఎందుకు రాయలేదని అడిగాను. “అది మన ఇంటి మాట గదా తాతా” అంది.

ఈసారి ఆరు అంకెలు మారియమ్మాళే చదివి చెప్పింది. నాచేత ఒకసారి దిద్దించుకుని, తప్పు లేకుండా.

సోమవారం పోయింది, మంగళవారం పోయింది. గురువారం పందిరివాడు వచ్చి కొలతలు తీసుకున్నాడు. మారియమ్మాళ్ మగ్గం దగ్గరే ఫోన్ కొంగులో కట్టుకుని నిలబడింది, షెడ్డులో ఎవరూ కాదనలేదు. శుక్రవారం పదకొండు గంటలకు పాత నంబరు ఖాతా నుంచి ఫోన్ వచ్చింది. తెర మీద కూతురి ముఖం చూసి మారియమ్మాళ్ మగ్గం ఆపింది. ఇరవై రెండేళ్ళలో పని మధ్యలో ఆమె మగ్గం ఆపడం తానెన్నడూ చూడలేదని చిన్నత్తాయి ఊరంతా చెప్పింది.

ఆ ఉత్తరం చదివింది మనిషో, ఇంకో యంత్రమో మాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా సరే, నమ్మారు.

తర్వాత జరిగిందే నన్ను కట్టిపడేసింది. శుక్రవారం ఉదయం నుంచి శనివారం సాయంత్రం దాకా, అక్కడి వేళ ప్రకారం, ఆ పిల్ల నూట నలభై మూడు ఇళ్ళకు విడివిడిగా గొంతు రికార్డు చేసి పంపి, ఒక్కొక్కటిగా పిలిచింది. ముందు యంత్రం పంపిన అరవై ఒక్క ఇళ్ళనూ మళ్ళీ పిలిచింది. ఒకరికి చెప్పినట్టు ఇంకొకరికి చెప్పలేదు. మా వీధిలో శనివారం పొద్దున ఏ తలుపు ముందు నడిచినా మారిసెల్వి గొంతే. నేను కర్ర పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా నడిచి విన్నాను.

ఆరోక్కియమేరి ఇంట్లో, “పెద్దమ్మా, చర్చిలో పూజ తొమ్మిదిన్నరకు అయిపోతాది గదా, ఇంటికి పోయి చీర మార్చకుండా అట్లనే వచ్చేయి” అంటోంది. ఆ పక్కింటి ముసలామె వెళ్ళయమ్మాళ్‌తో, “అవ్వా, నీ మేక ఈనినాదా? పిల్లను ఎత్తుకొని రా, నేను ఫోన్లో చూస్తా” అంటోంది. నాకు వచ్చిన మాట ఇది: “చిన్న తాతా, మోకాలికి నూనె రాసుకొని రా. మెట్లు మూడే కట్టించినాము, నీ కోసరమే.” ఆ మెట్లు మూడే ఎందుకున్నాయో నాకు అప్పటిదాకా తెలియదు.

నా పట్టీలో లేని ఇంటిని కూడా ఒకదాన్ని పిలిచింది. మంగళం అమ్మను. మా ఇళ్ళ నుంచి ఆ ఇంటికి పిలుపు పోవడం నా ఎరుకలో లేదు. ఏమంటారో అని నేను భయపడ్డాను. “పది గంటలకు వస్తా, కుర్చీ వేయొద్దు, అందరితో కింద కూర్చుంటా” అని ఆమె జవాబు పంపిందట.

ముప్పై ఎనిమిదేళ్ళు పిలిచినవాణ్ణి నేను. గడప ముందు నిలబడి, వరస చెప్పి, తేదీ చెప్పి, నీళ్ళు తాగి వచ్చేసేవాణ్ణి. మేక ఈనిందా అని ఏనాడూ అడగలేదు. మంచు కురిసే దేశంలో కూర్చుని, ఈ వీధిలో ఎవరి మోకాలు నొప్పో, ఎవరి పూజ ఎప్పుడు అయిపోతుందో ఒక పిల్ల మనసులో పెట్టుకుని ఉందంటే, దాన్ని ఏ చదువు అనాలో నాకు తెలియదు. వాళ్ళ యంత్రం నమ్మకపోవడంలో వింత లేదు. కళ్ళారా చూస్తున్న నేనే నమ్మలేకపోయాను.

మంసాపురం అత్తకు ఏం చెప్పిందో మాత్రం ఎవరికీ తెలియదు. “నాలుగు నిమిషాలు చెప్పినా తాతా, మిషను సంగతి కూడా దాచలే” అని మాత్రం అంది. విన్నట్టు గుర్తు పడింది. జవాబు లేదు.

ఆదివారం పదిన్నరకు మంచి వేళ. తొమ్మిదికే పందిరి నిండింది. చోళపురం వాళ్ళు టౌన్ బస్సులో గుంపుగా దిగారు. మంగళం అమ్మ వచ్చి నిజంగానే కింద కూర్చుంది. మారియమ్మాళ్ పొయ్యి ముందు పసుపు రాసిన కొత్త పాత్ర పెట్టుకుని కూర్చుంది, అగ్గిపెట్టె చేతిలో ఉంది, గీయలేదు. పది దాటింది. పదీ పది. నేను గడప దగ్గర నిలబడ్డాను. అందరూ నాతో మాట్లాడుతున్నారు, నేను వీధి మలుపు చూస్తున్నాను.

పదీ ఇరవైకి షేర్ ఆటో ఒకటి ఆగింది. ముందు ఒక పాల క్యాను దిగింది. దాని వెనక వళ్ళియమ్మాళ్ దిగింది. జుట్టు మొత్తం నెరిసింది. పదకొండేళ్ళు కదా.

“రా మా వళ్ళియమ్మా” అన్నాను.

“నువ్వు పిలవద్దు చిన్నాయనా. నన్ను పిలిచినోళ్ళ మాట మీద నేను వచ్చినా. ఆ పిల్ల ఏడ?”

మారియమ్మాళ్ పరుగున వచ్చి ఫోన్ ముందుకు చాపింది. తెర మీద మారిసెల్వి ఉంది. నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది, గాలి మాత్రమే వచ్చింది. చేతులు జోడించింది.

“గొంతు ఏమైనాది దీనికి?” అంది వళ్ళియమ్మాళ్.

వెనక నుంచి శరణ్య తల పెట్టి చెప్పింది. “రెండు దినాలు అందరినీ పిలిచినాది గదా. నిన్న సాయంత్రం నుంచి గొంతు లే. సుడు నీళ్ళు కాచి ఇస్తానే ఉండా.”

వళ్ళియమ్మాళ్ తెర మీదికి వంగింది. “నా ఒక్కదానికి నోటితో చెప్పి, మిగిలినోళ్ళకు మిషను పెట్టి ఉండకూడదా, పిచ్చిదానా” అంది.

మారిసెల్వి కళ్ళ నీళ్ళతో నవ్వింది.

వళ్ళియమ్మాళ్ చెప్పులు విప్పి, మూడు మెట్లూ ఎక్కి, కుడి కాలు లోపల పెట్టింది. తమ్ముని భార్యను పేరు పెట్టి పిలవలేదు, మోచేత్తో పక్కకు జరిపి పొయ్యి ముందు చోటు చేసుకుంది. అగ్గిపెట్టె ఆమె చేతిలోంచి తీసుకుని తిరిగి ఆమెకే ఇచ్చి, “వెలిగించు, వేళ పోతా ఉండాది” అంది. మంట పట్టుకున్నాక క్యాను ఎత్తి, తన ఆవు పాలు సన్నటి ధారగా పాత్రలోకి పోసింది.